నాగులమ్మ నేర్చిన ఒడియా

నెల్లూరు జిల్లా కోట దగ్గర రొయ్యల ఫ్యాక్టరీలో నాగులమ్మ సూపర్‌వైజరు. ఆమె కింద రొయ్యలు వలిచే పద్దెనిమిది మందీ ఒడిశా పడుచుపిల్లలే. వాళ్లకు తెలుగు రాదు, ఆమెకు ఒడియా రాదు. సైగలతోనే ఏడాది నెట్టుకొచ్చింది.

ఆషాఢంలో ఒకరోజు కోల్డ్ రూము పైపులోంచి అమ్మోనియా లీకయింది. "బయటికి రండే!" అని గొంతు చించుకుంది నాగులమ్మ. తిడుతోందనుకుని పిల్లలు తలలు వంచి ఇంకా వేగంగా వలిచారు. మెకానిక్ మాల్యాద్రి వాల్వు కట్టేశాడు కాబట్టి దగ్గులతో పోయింది. కానీ ఆ వంచిన తలలు ఆమె కళ్లముందు నుంచి కదల్లేదు. అన్నం ముందు కూర్చున్నా ఆ ఘాటే తగిలేది.

కావలిలో డిగ్రీ చదివే మేనకోడలు వినీల ఆమె ఫోనులో ఒక ఏఐ చాట్‌బాట్‌ను సిద్ధం చేసింది.

"ఫ్యాక్టరీ మాటలే నేర్పమని, తప్పు పలికితే మళ్లీ అనిపించమని చెప్పి పెట్టినా అత్తా."

"అదే తప్పు చెప్తే నాకెట్ట తెలస్తాదే? రమ్మనబోయి ఉండమంటే?"

అందుకే నాగులమ్మ కంపెనీ బస్సులో నేర్చుకున్న ప్రతి మాటా టిఫిను వేళ సబితకు వినిపించేది. ఆ పిల్లల్లో సబితే పెద్దది. ఆమె నవ్విన మాటల్ని మళ్లీ ఫోనులో దిద్దించుకునేది.

కార్తీకంలో ఒక మధ్యాహ్నం పైపు పగిలింది. తెల్లటి పొగ బల్లల మీదికి పాకింది. నాగులమ్మకు నేర్చినదొక్కటీ గుర్తు రాలేదు. కాళ్లు తలుపు వైపు లాగుతున్నాయి. సబిత ఆమెనే చూస్తోంది.

"బాహారకు ఆసంతు!"

బయటికి రండి అని, చుట్టాల్ని పిలిచినంత మర్యాదగా వచ్చిందా కేక. వెంటనే "ఓదా కపడా!" అని తడిగుడ్డ చూపించింది. పిల్లలు ముక్కులు మూసుకుని పరుగెత్తారు.

గేటు దగ్గర లెక్కపెడితే పదిహేడు మందే. ఐసు గదిలో ఉన్న మినతి అనే పిల్లకు కేక వినపడలేదు. మాస్కు పెట్టుకుని మాల్యాద్రి లోపలికి పోయి, స్పృహ లేని పిల్లను భుజాన వేసుకొచ్చాడు. అంతసేపూ నాగులమ్మ సబిత చెయ్యి వదల్లేదు.

మూడో రోజుకు మినతి నెల్లూరు ఆసుపత్రిలో కళ్లు తెరిచింది. అక్కణ్ణుంచి నాగులమ్మ నేరుగా మేనేజరు దగ్గరికి పోయింది.

"సబిత గొంతుతో ఒడియాలో హెచ్చరిక రికార్డు చేసి, ఐసు గదిలో గూడా మైకు పెట్టండి సార్. అందాకా ఒక్క బిడ్డను గూడా లోపలికి పంపను."

వారంలో మైకులు పెట్టారు. అయినా పని మొదలయ్యే ముందు నాగులమ్మ తలుపు దగ్గర ఆగుతుంది, గాలి పీల్చి చూస్తుంది, తర్వాతే పిల్లల్ని రమ్మంటుంది.