వసంత్ కుంజ్ నుంచి ఫరీదాబాద్‌కు, ఒళ్లో పళ్లెంతో

ఫరీదాబాద్ వెళ్లాలని నాకేం సరదా లేదు. మా అక్క కూతురు శ్రావ్య వసంత్ కుంజ్ దగ్గరి యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. ఏదో బ్యాక్టీరియాలోని ఎంజైము రూపం కనిపెట్టాలట. ఆ ఎంజైము లేనిదే బ్యాక్టీరియా బతకదు, కాబట్టి దాని రూపం తెలిస్తే దాన్ని ఆపే మందు తయారు చేయొచ్చు. అందుకోసం ముందు ఎంజైమును కలకండలా స్ఫటికం కట్టించి ఎక్స్‌రేలో చూడాలి. కంటికి కనపడనిదానికి కలకండేమిటో, నాకు తలాతోకా అర్థం కాలేదు. వాళ్ల ఎక్స్‌రే యంత్రం మరమ్మతులో ఉంది, ఫరీదాబాద్ ల్యాబ్‌వాళ్లు తమది ఒక్కరోజుకే ఇచ్చారు. ఈసారీ కుదరకపోతే అంశమే మార్చుకోమన్నారట గైడు. "తోడు రా పిన్నీ" అని ఫోన్ చేసింది. ఇందిరాపురంలోని మా ఇంటి నుంచి పరుగెత్తాను.

ఉదయం ఎనిమిదికి క్యాబ్ ఎక్కాం. మెహ్రౌలీ, బదర్‌పూర్ మీదుగా గంటన్నర, ఏడొందల చిల్లర అయింది. మెట్రో చవకే కానీ ఆ తోపులాటకు పళ్లెం తట్టుకోదు. అరచేతంత ప్లాస్టిక్ పళ్లెం, దాని గుంటల్లో ఎంజైము ద్రావణం చుక్కలు, వాటిలో స్ఫటికాలు. పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకున్నాను.

"దీదీ, ఏం సామాన్ అది?" అన్నాడు డ్రైవరు.

"దవాయీ భయ్యా. అంటే, ఇంకా మందు కాలేదు."

"అచ్ఛా! ఎప్పుడవుతుంది?"

"పదేళ్లు పట్టొచ్చు" అంది శ్రావ్య. అతను అద్దంలోంచి అయోమయంగా నన్ను చూశాడు. నేనూ అతన్ని అలాగే చూశాను.

ల్యాబ్‌లో పెద్దాయన ఒకాయన తళతళలాడే స్ఫటికాలు ఏరి ఒక్కొక్కటే యంత్రంలో పెట్టి చూశారు. చివరికి "బేటా, యే తో నమక్ హై" అన్నారు.

ఉప్పా! ఇంత దూరం మోసింది ఉప్పునా? ద్రావణంలోని ఉప్పు ఒక్కోసారి ఎంజైము కంటే ముందే అందంగా స్ఫటికం కడుతుందట. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. శ్రావ్య మాత్రం ఏడ్చింది.

"పారెయ్ పిన్నీ."

"ఆ మూల గుంటల్లోవి చూడలేదుగా?"

"నలుసుల్లా ఉన్నాయి, ఈ యంత్రానికి ఆనవు. అవీ ఉప్పే అయ్యుంటాయి."

"అయ్యుంటాయా, అయ్యాయా? సరిగ్గా చెప్పవే!"

పళ్లెం మళ్లీ నా ఒళ్లోకే చేరింది.

ఆ నలుసు మందవుతుందో, ఉప్పుగానే మిగులుతుందో నాకిప్పటికీ తెలియదు. తెలియనిదాన్ని ఏళ్ల తరబడి ఇంత జాగ్రత్తగా చూసుకోవడం ఈ పిల్ల ఎక్కడ నేర్చిందో, అదీ తెలియదు. తిరిగి వచ్చేటప్పుడు బదర్‌పూర్ దగ్గర కారు గుంటలో పడబోతే, నాకంటే ముందు శ్రావ్య చెయ్యే వచ్చి పళ్లెం పట్టుకుంది.

మీరూ ఇలాంటి పని మీద వెళ్తే, వెళ్లిన క్యాబ్‌నే తిరుగు ప్రయాణానికీ ఆపుకోండి. వెయిటింగ్ ఛార్జీ అడుగుతారు, ఇచ్చేయండి. మా డ్రైవరు మా మొహాలు చూసి ఏమైందని అడగలేదు. చెప్పకుండానే నెమ్మదిగా నడిపాడు.