గుమ్మం మీది పేరు

చాండ్లర్‌లో మా పక్కింటి పెద్దాయన ఇల్లు అమ్మేశారు. గుమ్మం మీది చెక్కబోర్డు విప్పిపెట్టమని ఈ సాయంత్రం నన్ను పిలిచారు. దాని మీద ఆయన ఇంటిపేరు ఉంది: ఇతుర్బురు. గొర్రెలు కాయడానికి స్పెయిన్ కొండల నుంచి అమెరికా వచ్చిన వాళ్ల తాత, బాస్క్ జాతివాడు, చెక్కాడట. ఊట తలాపున ఉన్న ఇల్లని అర్థం. ఆ పేరుతో మిగిలింది తనొక్కడేనన్నారు.

ఒక స్క్రూ విప్పానో లేదో, చెయ్యి పట్టుకున్నారు.

"వద్దు, ఉంచెయ్. మా వైపు పేరు ఇంటిది. ఎవరొచ్చి ఉంటే వాళ్లకే ఆ పేరు."

"కొన్నవాళ్లు పీకేస్తారేమోనండీ!"

"పీకేస్తారు. నేనుండగా వద్దు."

మళ్లీ బిగించేశాను. పక్కనే నిలబడి విన్న మా అమ్మాయి ఇంటికి రాగానే, "నీ పేరు ముందు 'వి' అంటే ఏంటి డాడీ?" అంది. వేములపల్లి అని చెప్పాను. రెండుసార్లు పలకబోయి, "ఇట్స్ ఓకే డాడీ, వి చాలు" అని లోపలికి వెళ్లిపోయింది.

మా ఇంట్లో ఒక్క అక్షరం మిగిలింది. మీ ఇంట్లో?