నలభై నాలుగో తప్పు

మా మావయ్య మందుల గోదాములో కంప్యూటరు చూసేవాడు. తొమ్మిదో తరగతితో బడి మానేసిన నన్ను అట్టపెట్టెలకు చీటీలు అంటించే పనిలో పెట్టించింది ఆయనే. నా బల్ల దగ్గరినుంచి ఆయన నల్లటి తెర కనిపించేది. అందులో బొమ్మలుండవు. ఆయన ఒక మాట కొడితే అది ఒక మాట జవాబిస్తుంది. ఇంట్లో అత్తయ్యతో కూడా ఆయన సంభాషణ అంతే.

ఏ దుకాణానికి ఏ వ్యాను, ఏ పెట్టె అన్నదంతా ఒక సెట్టింగుల ఫైల్లో ఉండేది. ప్రోగ్రాం ఆ రోజు సరుకు వెళ్లే దుకాణాల లైన్లే చదివి చీటీలు అచ్చువేసేది. తప్పు లైను తగిలితే అక్కడే ఆగిపోయేది. మావయ్య దాన్ని దిద్ది మళ్లీ నడిపేవాడు. అంతవరకూ వ్యాన్లు బయట ఎండలో. తప్పు ఎవరిదో తెలియాలని మేనేజరు ఒక నియమం పెట్టాడు: ఎవరు రాసిన లైను పక్కన వాళ్ల పేరుండాలి.

మావయ్య ఒప్పంద కాగితం ఆ వారంతో అయిపోతుంది. కొత్తది మేనేజరు బల్లమీద సంతకానికి ఉంది. సరిగ్గా ఆ వారమే మావయ్య ప్రోగ్రాం మార్చాడు. ఇకనుంచి అది ఫైలంతా ముందే చదివి, తప్పులన్నీ పోగుచేసి, పేర్లతో సహా ఒక్కసారే చూపిస్తుంది. నలభై మూడు తేలాయి. ముప్ఫై ఒకటి మేనేజరువి.

"మావయ్యా, పేర్లు తీసెయ్యకూడదా?" అన్నాను మెల్లిగా.

"పెట్టమన్నది ఆయనేగా."

మేనేజరు వచ్చి చూశాడు. "ఏమయ్యా, నిన్న ఒక్క తప్పు, ఇవాళ నలభై మూడా? ఏం పాడుచేశావ్?"

"నిన్నా నలభై మూడే సార్. ఒక్కోటే బయటపడేది."

వెనకనుంచి వ్యాను డ్రైవరు తొంగిచూశాడు. "మన సారు కష్టజీవి. అందరికన్నా ఎక్కువ పని ఆయనదే."

మేనేజరు ముఖం మాడింది. "ఎన్ని చూపించాలో నేను చెప్తా. దానికో లైను పెట్టు."

మావయ్య పెట్టాడు. మేనేజరు స్వయంగా కూర్చుని అందులో సున్నా వేసి, నియమం ప్రకారం పక్కన తన పేరు రాసుకున్నాడు. మర్నాడు పొద్దున ప్రోగ్రాం, సున్నా చెల్లదు, కనీసం ఒకటైనా ఉండాలంది. ఎన్ని చూపించాలో తేలలేదు కాబట్టి అన్నీ చూపించింది. ఆ సున్నా లైనుతో కలిపి ఇప్పుడు నలభై నాలుగు. డ్రైవరు పైకి చదివి వినిపించాడు.

మావయ్య పని అయిపోయిందనుకున్నాను. కానీ ఆ చిట్టా పైఆఫీసు కంటపడేలోపు ఎవరో ఒకరు దిద్దాలి కదా. మేనేజరు కొత్త ఒప్పంద కాగితం మీద గడువు దగ్గర 'ఈ తప్పులన్నీ సరయ్యేవరకు' అని రాసి సంతకం పెట్టాడు.

"గట్టి ఉద్యోగమే కొట్టావు గురూ," అన్నాడు డ్రైవరు. "ఆయనుండగా తప్పులకేం కొదవ?"

మావయ్య సోమవారం దిద్దడానికి కూర్చున్నాడు. బుధవారం సాయంత్రానికి తెరమీద 'తప్పులు లేవు' అని వచ్చింది. మేనేజరును పిలిచి చూపించింది కూడా ఆయనే. మేనేజరు రెండుసార్లు చదువుకుని, మావయ్యకు చెయ్యి కలిపాడు. ఇన్నేళ్లలో అదే మొదటిసారి.

ఇంటికొచ్చి విషయం చెబితే అత్తయ్య వేళ్లమీద లెక్క వేసింది.

"రోజుకొకటి దిద్దినా నెలన్నర గడిచేది కదండీ."

"అన్నీ ఒక్కసారే కళ్లబడ్డాయే. చూస్తూ ఎలా వదిలెయ్యను?"

"వంటింట్లో కుళాయి మూడేళ్లుగా కారుతోంది. అది మీ కళ్లబడలేదా?"

మావయ్య లేచి మంచం కింద పానా వెతకడం మొదలుపెట్టాడు. రేపటినుంచి ఆయనకు బోలెడు తీరిక.