అడగడానికి ఒక మనిషి

తాడేపల్లిగూడెంలో నేను మొదట పనిచేసిన నర్సింగ్ హోమ్‌లో ఫిజియోథెరపీ గదిని అందరూ కరెంటు గది అనేవారు. మేడమెట్ల కింద, కిటికీ లేని గది. ఒక మంచం, నొప్పులకి కరెంటు పెట్టే మెషీన్లు, కీళ్ళకి పూసే మైనం కరిగించే తొట్టి. ఎముకల డాక్టరు గారు చీటీ రాసి పంపినవాళ్ళకి ప్యాడ్లు అంటించడం, టైమర్ మోగాక తీసెయ్యడం. కాలేజీలో నేర్చుకున్నదంతా ఆ గదిలో కొంచెం కొంచెంగా మర్చిపోతున్నానని తెలుస్తూనే ఉండేది.

మాది పెంటపాడు దగ్గర పల్లె. అమ్మ బడిలో టీచరు, నాన్న వ్యవసాయం. మా చుట్టాల్లో ఆసుపత్రిలో పనిచేసినవాళ్ళు లేరు. నా పట్టా వచ్చిన ఆదివారం చర్చిలో పాస్టరు గారు "మన సంఘంలోంచి ఒక డాక్టరమ్మని లేపావు ప్రభువా" అని ప్రార్థన చేస్తే, బయటికి వచ్చాక అమ్మ ఒక్కొక్కరికీ వివరించింది: "డాక్టరు కాదండి, ఫిజియో అండి. కాళ్ళూ చేతులూ కదిలేలా చేస్తారండి." వాళ్ళు "ఆయ్" అని తలూపారు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు.

నర్సింగ్ హోమ్‌లో ఫిజియోని నేనొక్కదాన్నే. ఏదైనా అనుమానం వస్తే గోడల్ని అడగాలి. మా ప్రొఫెసర్ గారికి ఫోన్ చేస్తే తీసేవారు కాదు. బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఏదైనా కేసు గురించి రాస్తే చేతులు జోడించిన బొమ్మ ఒకటి వచ్చేది, ఆ వెంటనే ఎవరిదో పెళ్ళి కార్డు. విజయవాడలో ఫిజియోల మీటింగ్ అంటే సెలవు పెట్టి వెళ్ళాను. అక్కడ ఎవరి కాలేజీవాళ్ళు వాళ్ళతోనే నిలబడ్డారు. నేను టీ కప్పు పట్టుకుని, ఎవరితోనో మాట్లాడబోతున్నట్టు మొహం పెట్టుకుని, ఆ హాలంతా తిరిగి వచ్చేశాను.

ఏలూరులో బాగా పేరున్న ఒక సీనియర్ ఫిజియో గారి దగ్గరికి వెళ్ళాను. సెలవురోజుల్లో వచ్చి పక్కన నిలబడి చూస్తానని, జీతం ఏమీ వద్దని చెప్పాను. ఆయన మర్యాదగా కుర్చీ చూపించారు, మంచినీళ్ళు తెప్పించారు.

"గూడెం ఎంత దూరమండీ ఇక్కడికి? ఈ రోజు నా దగ్గర నేర్చుకుంటారు. రేపు నా పేషెంట్లకే ఫోన్లు చేస్తారు. తప్పుగా అనుకోకండి, ఇదివరకు జరిగింది."

తప్పుగా అనుకోలేదు. బస్టాండులో బెంచీ మీద కూర్చుని, ఈ వృత్తిలోకి లోపలికి వెళ్ళే తలుపు ఎటుందో నాకు తప్ప అందరికీ తెలుసేమో అనుకున్నాను. మా జూనియర్ ఒకమ్మాయి ఏలూరులోనే ఉన్న మరొక మేడమ్ గారి నెంబరు పంపింది. నరాల జబ్బులవాళ్ళని ఇళ్ళకి వెళ్ళి చూస్తారట. చేశాను, తీయలేదు. మెసేజ్ పెట్టాను. జవాబు రాకపోతే ఆశ వదిలేసుకున్నాను.

అలాంటప్పుడు కొల్లేటికోట నుంచి ఒకాయన వచ్చాడు. చేపల చెరువు మీద పని. మేత బస్తా మోస్తూ గట్టు మీద జారి మోకాలి దగ్గర ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ మా డాక్టరు గారే చేశారు. కొన్ని వారాలుగా భార్య ఆటోలో తీసుకొస్తోంది, నేను మోకాలు వంచడం అలవాటు చేయిస్తున్నాను. ఆ ఉదయం చీటీలో "బాగా మర్దనా చేసి వంచండి" అని ఉంది.

"నిన్నట్నుంచీ పిక్క ఒకటే లాగేస్తోందంటున్నారండి, డాక్టరమ్మ గారూ" అంది భార్య.

చెయ్యి వేశాను. పిక్క వెచ్చగా ఉంది, బిగుసుకుని ఉంది. టేపు పెట్టి చూస్తే రెండో పిక్క కంటే లావుగా ఉంది. ఆపరేషన్ తర్వాత లోపలి రక్తనాళంలో రక్తం గడ్డకడితే ఇలాగే ఉంటుందని చదివాను. అప్పుడు రుద్దితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, మనిషే పోవచ్చు. చదివాను గానీ అలాంటి కాలు ఎప్పుడూ ముట్టుకోలేదు. ఆ వాపు ఊరికే వచ్చిందో, గడ్డ వల్ల వచ్చిందో నాకు తెలియడం లేదు. డాక్టరు గారు ఆపరేషన్ గదిలో ఉన్నారు. మెట్ల దగ్గరికొచ్చి ఆ ఏలూరు మేడమ్ గారికి మళ్ళీ ఫోన్ చేశాను.

"చెప్పమ్మా" అన్నారు, నేనెవరో కూడా అడక్కుండా.

చెప్పాను. ఆవిడ రెండు మూడు ప్రశ్నలు వేశారు. "రుద్దకు. వంచకు. ఈ రోజే స్కాన్ తీయించమని మీ డాక్టరు గారికి చెప్పు. కోప్పడతారు. పడనీ."

డాక్టరు గారు బయటికి రాగానే చెప్పాను. కోప్పడ్డారు. గొంతు పెంచలేదు. ఆ భార్య ముందే నవ్వుతూ అన్నారు: "డయాగ్నసిస్ కూడా మీరే చేసేస్తే ఇంక నేనెందుకండీ ఇక్కడ?" అయినా పేషెంటు భార్య అంతా విన్నది కాబట్టి స్కాన్‌కి రాసి ఏలూరు పంపక తప్పలేదు. ఆ ఎండలో, సీటు మీద కాలు చాపుకుని పళ్ళ బిగువున నొప్పి భరిస్తూ ఆయన ఆటోలో వెళ్ళడం గేటు దగ్గర నిలబడి చూశాను.

సాయంత్రం రిపోర్టు వచ్చింది. గడ్డ లేదు. ఏమీ లేదు. వచ్చినప్పుడల్లా ఆటోలో అంతదూరం కాలు వేలాడేసి కూర్చోవడంతో వచ్చిన వాపేనన్నారు డాక్టరు గారు.

"ఎంత భయపెట్టేశారండి మమ్మల్ని" అంది భార్య. తిట్టినా బాగుండేది. డాక్టరు గారు నన్ను గదిలోకి పిలిచి, అదే మర్యాదతో, రేపట్నుంచి రానక్కర్లేదని చెప్పారు.

తర్వాతి రోజులు ఎలా గడిచాయో సరిగ్గా గుర్తులేదు. పగలంతా పడుకునేదాన్ని. బీఈడీ చదివించి ఉంటే పోయేదని అమ్మ వంటింట్లో నాన్నతో అనడం వినపడింది. మెడికల్ షాపు కౌంటర్లో కూర్చోబెడతానని మావయ్య కబురు చేశాడు. నేను సరేనన్నాను కూడా. నా చేతుల మీద నాకు నమ్మకం పోయింది. వాచిన పిక్కని పట్టుకుని తెలుసుకోలేని చేతులు ఎందుకు?

అప్పుడు ఏలూరు మేడమ్ గారే ఫోన్ చేశారు. "ఏమైందమ్మా ఆ కాలు?"

"ఏమీ లేదండి. అనవసరంగా అందర్నీ తిప్పాను. ఉద్యోగం పోయిందండి" అని ఏడ్చేశాను.

ఏడుపు ఆగాక అడిగారు: "రేపు మళ్ళీ అలాంటి కాలే వస్తే ఏం చేస్తావు?"

"తెలీదండి."

"మొన్న చేసిందే చెయ్యాలి. చేత్తో పట్టుకుంటే నాకూ తెలియదమ్మా. అందుకే స్కాన్ ఉంది." మళ్ళీ ఆవిడే అడిగారు: "ఇంతకీ ఆయన మోకాలు వంచుతున్నది ఎవరు?"

నేను ఆలోచించలేదు. నా బాధలో ఆ మనిషే గుర్తు రాలేదు.

ఆవిడ వారానికోసారి కొల్లేరు ఊళ్ళకి వెళ్తారు. ఆ వారం నన్నూ రమ్మన్నారు. ఆకివీడు దాటాక చెరువుల మధ్య గట్ల మీద ఆవిడ స్కూటర్ వెనక కూర్చుని కొల్లేటికోట వెళ్ళాను. మేడమ్ గారు అడిగినప్పట్నుంచీ నేను భయపడిందే జరిగింది. స్కాన్ రోజు నుంచి వాళ్ళు ఆసుపత్రికి వెళ్ళడం మానేశారు. ఆయన వాకిట్లో మంచం మీద కాలు కర్రలా చాపుకుని ఉన్నాడు. మోకాలు బిగిసిపోయింది.

నన్ను చూడగానే భార్య లోపలికి వెళ్ళిపోయింది. మేడమ్ గారు మంచం పక్కన కూర్చుని, "ఈ అమ్మాయి ఆ రోజు చెప్పింది తప్పు కాదండి. నేనైనా అదే చెప్తాను" అన్నారు ఆయనతో, లోపలికి వినపడేలా. తర్వాత నా చేతులు ఆ మోకాలి మీద పెట్టించి, పైన తన చేతులు వేశారు. ఎక్కడ ఆగాలో, ఎంతసేపు ఆగాలో, ఆయన ఊపిరి వదిలినప్పుడు ఎంత ముందుకెళ్ళాలో ఆ చేతుల బరువుతోనే చెప్పారు. ఆయన "అమ్మా" అని అరిచాడు. కాలు కాస్త వంగింది. కాస్తే. భార్య గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

ఆ వర్షాకాలమంతా వెళ్ళాం. మోకాలు పూర్తిగా వంగలేదు. ఇప్పటికీ ఆయన మఠం వేసుకుని కూర్చోలేడు, చెరువు పని మానేసి గట్టు మీద కాపలాకి మారాడు. మధ్యలో వంచడం ఆగిపోకుండా ఉంటే వంగేదేనని మేడమ్ గారు దాచకుండానే చెప్పారు. నాకింకా స్థిరమైన ఉద్యోగం లేదు. ఆవిడ చెప్పగా ఏలూరులో ఒక నరాల డాక్టరు గారు అప్పుడప్పుడూ పేషెంట్లని పంపుతున్నారు. కొన్ని నెలలు ఎవరూ ఉండరు. మెడికల్ షాపులో కౌంటరు ఖాళీగానే ఉందని మావయ్య ఇంకా అంటూనే ఉన్నాడు. నేను వెళ్ళలేదు; ఏ కాలు మీద అనుమానం వచ్చినా మేడమ్ గారికి ఫోన్ చేస్తున్నాను.