మెట్ల మీద ఎడారి

కుళాయి బాబాయికి సగం పనిముట్లు సంచిలో ఉంటే, మిగతా సగం చెవుల్లో ఉన్నాయి. ఎవరింటికి వెళ్లినా గుమ్మంలో ఓ క్షణం ఆగి వింటాడు. గోడ లోపల పైపు చెమర్చినా ఆయనకు తెలిసిపోతుంది. ఆ వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆయన బాబాయే. అర్ధాంతరంగా నీళ్లు ఆగినా, ఆగాల్సినవి ఆగకపోయినా ఆయన పేరే తలుస్తారు. అందుకే ఆయన ముప్పై ఏళ్లుగా ఊరు చూడ్డానికని ఎక్కడికీ వెళ్లలేదు. చుట్టాల ఇంటికి వెళ్లినా ముందు వాళ్ల వంటింట్లో దూరేవాడు. తన పెళ్లినాడు కూడా ఆయన పెరట్లో వాషరు మారుస్తూ దొరికాడని భార్య ఇప్పటికీ కొత్తవాళ్లకు చెబుతుంటుంది.

అలాంటి మనిషికి ఎడారి పిచ్చి పట్టింది.

పట్టించినవాడు ఒక ఫొటోగ్రాఫరు. ఆయన ఇంట్లో సింకు కింది నుంచి బాబాయి పైకి లేచేసరికి ఎదురుగా గోడంత బొమ్మ. ఇసుక, ఆ ఇసుక వెనక మళ్లీ ఇసుక, మధ్యలో ఒక జింక. దీనికి నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయని బాబాయి అడిగాడు. అది ఎడారిలోని జాతీయ ఉద్యానవనమనీ, లోపల ఎంత దూరం పోయినా ఒక్క కుళాయి కనబడదనీ, ఆ జింక ఆకుల్లోని తేమతోనే నెట్టుకొస్తుందనీ ఫొటోగ్రాఫరు చెప్పాడు. బాబాయి పానా సింకులోనే వదిలేసి బొమ్మ దగ్గరికి వెళ్లాడు. ఒక్క కుళాయీ లేని చోటంటే ఒక్క లీకూ లేని చోటు. భూమ్మీద అలాంటి చోటు ఉందని ఇన్నాళ్లూ తనకెవరూ చెప్పలేదేమని ఆయనకు కోపం కూడా వచ్చింది.

ఆ రోజు నుంచి ఆయన కాళ్లు నేల మీద నిలవలేదు. బావమరిది వ్యాను పైకప్పు మీద బిగించడానికి పైపు ముక్కలతో నీళ్ల తొట్టి తయారుచేశాడు. ఇల్లు కడుతున్న చోట అడిగి ఇసుక తెచ్చి డాబా మీద పరిచాడు. చెప్పులతో ఒకసారి, బూట్లతో ఒకసారి దాని మీద నడిచి, ఏది మేలో తేలక మూడోసారి వట్టికాళ్లతో నడిచాడు. తలకు గుడ్డ చుట్టుకుని పనికి వెళితే, పంటి నొప్పా అని ఒకావిడ అడిగింది.

ఆయన భార్య పరదాలు కుట్టే మనిషి. కొలత వేయందే గుడ్డ కోయదు, మాట కూడా అంతే. మొగుడు గంతులేస్తుంటే మిషను మీంచి తల ఎత్తకుండా నాలుగు రోజులు చూసింది. చేతులు ఒకసారి కడిగితే చాలని ఎన్నడూ అనుకోని మనిషి ఎడారికి పోతాడట అని ముక్కు మీద వేలేసుకుంది. అయిదో రోజు కత్తెర పక్కన పెట్టింది.

"ఆదివారం పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా మీరు కుళాయి విప్పకూడదు. డబ్బాల్లో పట్టుకున్న నీళ్లతోనే అన్నీ. నెగ్గారా, మా తమ్ముణ్ణి వ్యాను తెమ్మంటాను. ఓడారా, ఎడారి మాట మళ్లీ ఈ ఇంట్లో వినపడకూడదు."

ఆ తమ్ముడికి తీరిక ఉన్నది వచ్చే వారమే. అది దాటితే ఎండలు ముదిరి పార్కు మూసేస్తారు. అంటే ఆ ఒక్క ఆదివారమే ఆయన ఎడారికి దారి.

శనివారం సాయంత్రమే డబ్బాలు నింపి గుమ్మం పక్కన వరసగా పెట్టాడు. తెల్లవారేసరికి కొత్త భయం పట్టుకుంది. ఆయనకు తన మీద నమ్మకముంది గానీ తన కుడిచేతి మీద లేదు. అది ఏ ఆలోచనలోనో పోయి కుళాయి తిప్పేస్తే? పైన, మేడలోని వాటాలన్నిటికీ కలిపి ఉన్న ట్యాంకు దగ్గర తన ఇంటి వాల్వు కట్టేస్తే ఆ గొడవ ఉండదనుకుని డాబా ఎక్కాడు. కట్టేశాక కూడా దాని లోంచి నీళ్లు సన్నగా కారుతూనే ఉన్నాయి. ఊరందరికీ వాషర్లు మార్చినవాడు తన ఇంటి వాషరు సంగతే మరిచాడు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది.

ఒక్క వాషరే కదా అని మేడ మొత్తానికి నీళ్లిచ్చే పెద్ద గేట్ వాల్వు మూసి, తన దాన్ని విప్పి చిటికెలో బాగుచేశాడు. తిరిగి పెద్ద వాల్వు విప్పబోతే చక్రం గిర్రున తిరిగింది. తిరుగుతూనే ఉంది. నీళ్లు మాత్రం రాలేదు. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టని వాల్వు అది. కాడ తుప్పు పట్టి, లోపలి పలక ఊడి కింద పడి దారి మూసేసింది. ఆదివారం, సామాన్ల కొట్లన్నీ మూత.

బాబాయి తన గుమ్మం దగ్గరికి దిగేసరికే మెట్ల మీద అలికిడి మొదలైంది. కింది వాటాలో ఉండే రిటైరైన బస్సు కండక్టరు ఒంటినిండా నురుగుతో తువ్వాలు చుట్టుకుని పైకి వచ్చాడు. వెనకే సంగీతం టీచరు, షాంపూ గోపురంలా నిలబడిన జుట్టుతో, ఒక కన్ను మూసుకుని.

"ఏమోయ్ బాబాయ్, నువ్వు ఎడారికి పోతావని విన్నాను గానీ, దాన్నే ఇక్కడికి తోలుకొస్తావనుకోలేదు," అన్నాడు కండక్టరు.

బాబాయి డబ్బాల వంక చూశాడు. అవి పోతే మధ్యాహ్నానికే కుళాయి తిప్పక తప్పదు. జింకా, ఇసుకా, వ్యానూ అన్నీ ఆ డబ్బాల్లోనే ఉన్నాయి. టీచరు రెండో కన్ను కూడా మూసుకుంది. ఆయన మొదటి డబ్బా ఎత్తి మెట్ల మీద పెట్టాడు. తరవాత రెండోది. భార్య గుమ్మంలోంచి అంతా చూసి, లోపలికి పోయి గరిటె పట్టుకొచ్చింది.

ఆవిడ మెట్ల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోగానే పరదాల కొలత నీళ్లకు వచ్చేసింది. ఎవరికి ఎన్ని గరిటెలో ఆవిడే తేల్చింది. తనది పొడుగు జుట్టు కనక ఎక్కువ కావాలని టీచరు అడిగితే, జుట్టును బట్టి కాదమ్మా నురుగును బట్టి అంది. టీచరు జుట్టు కడిగిన నీళ్లు బకెట్లో పట్టి కండక్టరు కాళ్లకు పంపింది. కండక్టరు పాత అలవాటు కొద్దీ "ముందుకు జరగండి, ముందుకు జరగండి" అని పై వాటాల వాళ్లను వరసలో నిలబెట్టాడు. ఎవరో నవ్వడం మొదలుపెట్టారు. అది మెట్లు దిగి, ఎక్కి, మేడంతా పాకింది. మిషను ముందు పెదవి విప్పని ఆవిడ గరిటె ఒలికిపోయేంతగా నవ్వుతోంది.

పైన బాబాయి చీపురు కర్ర చెక్కి, దానికి పరదా పేలికలు బిగించి చుట్టి బిరడా చేశాడు. ట్యాంకు లోపలి నుంచి పైపు నోట్లో దాన్ని కొడితే తప్ప నీళ్లు బయటికి చిమ్మకుండా వాల్వు విప్పడం కుదరదు. ట్యాంకు నిండుగా ఉంది. కుళాయి ముట్టనని పందెం కట్టిన మనిషి మెడ లోతు నీళ్లలో దిగి, ఊపిరి బిగబట్టి మునిగి, బిరడా కొట్టి పైకి తేలాడు. బయటికి వచ్చి వాల్వు తల విప్పి, ఊడిన పలకను పట్టకారుతో లాగేసి, తల బిగించాడు. ఇక మూసేందుకు పలక లేదు గానీ, రేపు కొత్త వాల్వు వేసే దాకా నీళ్లు పారితే చాలు. మళ్లీ దిగి బిరడా ఊడబీకాడు. పైపు గుటకలు వేసింది. మేడంతా కుళాయిలు ఒక్కసారిగా తుమ్మాయి.

ఆయన నిలువెల్లా కారుతూ మెట్లు దిగాడు. డబ్బాలన్నీ బోర్లించి ఉన్నాయి.

"ఓడిపోయాను," అన్నాడు.

"కుళాయి విప్పారా?" అంది ఆవిడ.

"లేదు. ట్యాంకులో దిగాను."

"దిగొద్దని నేననలేదే." ఆవిడ గరిటె ఆయన వైపు చూపించింది. "కానీ ఒక్క మాట. అక్కడ డబ్బాలు నా చేతిలో ఉంటాయి. మీ చేతికిస్తే, ఎదురొచ్చిన ప్రతి జింకకీ పంచిపెడతారు."

అంటూనే ఆవిడ తమ్ముడికి ఫోను కలిపేసింది. వ్యాను సిద్ధం చెయ్యమంది, బావ నెగ్గాడంది, ఎలా నెగ్గాడో చెప్పబోయి నవ్వాపుకోలేకపోయింది. అవతల తమ్ముడు ఏదో అడిగినట్టున్నాడు.

"వ్యాను కడుగుతావా?" అందావిడ, నవ్వు ఠక్కున ఆపి. "ఎందుకురా, దుమ్ములోకే కదా పోయేది. ఆ నీళ్లు డబ్బాలో పట్టుకురా."