బెథానియా చాపెల్లో కింది గొంతు

నెస్తా సంగతి చెప్పాలంటే ముందు ఆమె కూర్చునే చోటు సంగతి చెప్పాలి. మా ఊరి చర్చి బెథానియా చాపెల్లో మెట్లెక్కి పై గ్యాలరీలోకి వెళితే ఎడమ గోడ పక్కన మూడో బల్ల. పక్కనే కిటికీ. అందులోంచి చూస్తే పలకరాయి క్వారీ వాళ్లు పారబోసిన రాళ్ల గుట్టలు, వాటి మీద వాన. నాన్న వైపు వాళ్లు నాలుగు తరాలుగా ఆ బల్ల మీదే కూర్చున్నారు. నెస్తా పుట్టిన మూడో ఆదివారం ఆ బల్ల ఎక్కింది. డెబ్బై ఒకటో ఏట దిగింది. మధ్యలో బడిలో పిల్లలకి వండి పెట్టింది, క్వారీలో పనిచేసే గెథిన్‌ని చేసుకుంది, రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుని అతను పోతే పాతిపెట్టి వచ్చింది. ఏం జరిగినా ఆదివారం పదింటికి మాత్రం ఆ మూడో బల్ల మీదే.

మా ఊరివాళ్లకి ఇదొక జబ్బు. ఎవరి బల్ల వాళ్లదే. నాలుగొందల మంది పట్టే చాపెల్‌కి చివరికి తొమ్మిది మంది మిగిలారు. ఆ తొమ్మిది మందీ తొమ్మిది మూలల్లో కూర్చునేవాళ్లు. బయటినుంచి వచ్చే పాదిరిగారు మొదట్లో బతిమాలేవారు.

"కాస్త ముందుకి రండమ్మా, అందరం ఒకచోట కూర్చుందాం. పొయ్యి వెచ్చదనం మీకూ తగులుతుంది."

ఒక్కరూ కదల్లేదు. వెనక బల్లలో కూర్చునే ముసలాయన వేడినీళ్ల సీసా ఒళ్లో పెట్టుకుని, "అయ్యా, మా నాన్న ఇక్కడ కూర్చున్నాడు, ముందు బల్ల ప్రోబర్ట్ వాళ్లది" అన్నాడు. ఆ ప్రోబర్ట్ వాళ్లు పోయి పాతికేళ్లు దాటింది. ఆ తర్వాత పాదిరిగారు కూడా నోరు మూసుకుని, తొమ్మిది మూలలకీ వినపడేలా అరిచి ప్రసంగం చెప్పడం నేర్చుకున్నారు.

నెస్తా వాళ్లక్క హైల్వెన్ బల్ల మాత్రం కింద. పాదిరిగారు ప్రసంగం చెప్పే పల్పిట్‌కి కుడివైపు, ముందు నుంచి రెండోది. అది అమ్మ వైపు వాళ్ల బల్ల. చిన్నప్పుడు అక్కాచెల్లెళ్లిద్దరూ పైనే, నాన్న పక్కనే కూర్చునేవాళ్లు. అమ్మ పోయిన వారానికి హైల్వెన్ ఒక్కతే కింద కూర్చుంది. అదీ అమ్మవాళ్ల బల్లేగా, ఎవరూ ఏమీ అనడానికి లేదు. కానీ ఎందుకు దిగిందో ఊరందరికీ తెలుసు.

అమ్మ పోయిన రోజు చాపెల్లో పెద్ద పాటల పండగకి సాధన జరుగుతోంది. శనివారం మధ్యాహ్నం, చాపెల్ నిండా జనం. ఇంట్లో అమ్మకి ఉన్నట్టుండి ఊపిరి అందలేదు. అమ్మ దగ్గరున్నది హైల్వెన్. ఎదురింటి ఇడ్వల్‌ని పరుగెత్తించింది. ఇడ్వల్ గ్యాలరీ ఎక్కి, వంగి నెస్తా చెవిలో చెప్పాడు. చుట్టూ మూడొందల గొంతులు. పాటలో ఇంకా రెండు చరణాలున్నాయి. నెస్తా తలూపింది. రెండు చరణాలూ పాడింది. ఇంటికొచ్చేసరికి హైల్వెన్ అమ్మ ముఖం మీద దుప్పటి కప్పేసి ఉంది.

"పాట పూర్తయిందా?" అని అడిగింది హైల్వెన్.

"నాకు వినపడలేదక్కా. ఆ గోలలో వాడేం చెప్పాడో వినపడలేదు."

అంతే. ఆ తర్వాత ఇరవయ్యారేళ్లు ఇద్దరి మధ్యా మాట లేదు. ఒకే వరసలో ఇళ్లు, మధ్యలో ఏడు గుమ్మాలు. రొట్టెల కొట్లో ఎదురుపడితే ఒకరు వాన వైపు, ఒకరు గల్లాపెట్టె వైపు చూసేవాళ్లు.

కానీ ఆదివారం వేరు. హైల్వెన్‌ది పై గొంతు, పాట రాగాన్ని మోసే గొంతు. నెస్తాది కింది గొంతు. ఆ గొంతు ఒక్కటే వింటే ఏ పాటో పోల్చుకోలేం. పై గొంతుతో కలిస్తేనే దానికో అర్థం. పాట ఎత్తుకునే ఆయన పోయాక ఆ పని హైల్వెన్ మీద పడింది. ఆమె లేచి ఒక్క స్వరం అందుకునేది. గ్యాలరీలోంచి నెస్తా అందులోకి దిగేది. మిగతా ఏడుగురూ వాళ్లిద్దరి వెనక ఎలాగో నడిచేవాళ్లు.

ఒక చలికాలం నెస్తాకి జలుబు చేసి గొంతు బొంగురుపోయింది. అక్కతో ఎవరు చెప్పారో, అసలు చెప్పారో లేదో. ఆ ఆదివారం హైల్వెన్ పాటని మామూలు కన్నా రెండు మెట్లు దించి ఎత్తుకుంది. గెథిన్ పోయిన వారం, అతను తాగినప్పుడల్లా పాడుకునే నది పాటే ఎంచుకుంది. ఎవరూ అడగలేదు. వాకిట్లో మాత్రం నెస్తా ముఖం కూడా చూడకుండా గొడుగు విప్పుకుని వెళ్లిపోయింది.

ఆ గంటసేపటి పాట కోసమే నెస్తా మిగతా వారమంతా బతికేదని నేనంటే, అది పెంచి చెప్పడం కాదు.

తర్వాత కప్పు కారడం మొదలైంది. ఇంజనీరు వచ్చి చూసి, ఇక లోపల ఎవరూ కూర్చోవద్దన్నాడు. తొమ్మిది మందీ చేతులెత్తి ఓటేసి చాపెల్ మూసేశారు. ఇంజనీరు వద్దన్నా, చేతులెత్తడానికి కూడా ఎవరి బల్లలో వాళ్లే కూర్చున్నారు.

బ్రిస్టల్ పట్నం నుంచి క్లేర్, డంకన్ అనే మొగుడూపెళ్లాలు వచ్చి బెథానియాని కొనుక్కున్నారు. ఇల్లు చేసుకుంటారట. చెడ్డవాళ్లని చెప్పలేం. క్లేర్ ఇంటింటికీ తిరిగి చేతులు పట్టుకుని మరీ పలకరించింది. పని మా వడ్రంగి ఇడ్వల్‌కే ఇచ్చింది. అతని తాత చేసిన బల్లలవి, విప్పడం అతనికే తెలుసు.

ఇడ్వల్ సాయంత్రాలు నెస్తా వంటింట్లో టీ తాగడానికి ఆగేవాడు.

"మీ బల్ల కింద ఏం దొరికిందో తెలుసా? పిప్పరమెంటు కాగితాలు. నాలుగు తరాలవి. మీ తాత ప్రసంగం వింటున్నట్టు కళ్లు మూసుకుని చప్పరించేవాడని మా నాన్న అనేవాడు, అబద్ధం కాదే."

"మీ నాన్న చప్పరించనట్టు! సరేగానీ, కింద కుడివైపు బల్ల కూడా తీసేశావా?" నెస్తా ఎప్పుడూ అక్క పేరెత్తదు.

"మీ అక్కదా? తీశాను. అక్కడ ఫ్రిజ్ వస్తుందిట. నీ చోట స్నానాల తొట్టి."

"తొట్టా?"

"మరేమనుకున్నావు, నీ విగ్రహం పెడతారనుకున్నావా? గ్యాలరీ ఎత్తులో అడ్డంగా ఒక అంతస్తు వేస్తున్నాం. పైన పడకగదులు, కింద వంటిల్లు."

నెస్తా నవ్వింది కానీ కప్పులో సగం టీ అలాగే వదిలేసింది. ఇడ్వల్ చూసీ చూడనట్టు బిస్కెట్ ముంచుకుని తిన్నాడు.

మార్చిలో ఇల్లు పూర్తయింది. శనివారం మధ్యాహ్నం ఊరందరూ వచ్చి చూసి టీ తాగి వెళ్లాలని క్లేర్ ప్రతి గుమ్మంలోనూ ఒక కార్డు వేసింది. ఇడ్వల్ వచ్చి చెప్పాడు.

"మీ అక్క కూడా వస్తానందే. నేనడగలేదు. తనే అంది."

ఇక నెస్తాకి ఒకటే ఆలోచన. అదే నాలుగు గోడలు. ఇద్దరూ ఒకేసారి లోపల. అక్క తన బల్ల ఉన్నచోట నిలబడి ఒక్క స్వరం ఎత్తుకుంటే చాలు, తను పైనుంచి అందుకుంటుంది. మాట అక్కర్లేదు. క్షమించానని కూడా ఎవరూ అనక్కర్లేదు. ఆ వారమంతా ఉప్పునీళ్లు పుక్కిలించింది. గిన్నెలు తోముతూ కింది గొంతు సవరించుకుంది. శనివారమైనా ఆదివారపు కోటు వేసుకుంది, టోపీ పెట్టుకుంది.

గుమ్మం దగ్గర క్లేర్ ఆమెని వాటేసుకుని స్వయంగా పైకి తీసుకెళ్లింది.

"ఇదే కదూ మీ చోటు? ఇడ్వల్ చెప్పాడు. ఎంతసేపు కావాలంటే అంతసేపు ఉండండి, ఎవర్నీ రానివ్వను" అని తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది.

తెల్లటి తొట్టి. కిటికీ మాత్రం అదే, గుట్టలూ అవే. ఆ కిటికీలోంచే నెస్తా హైల్వెన్ రావడం చూసింది. నల్ల టోపీ, మడిచిన గొడుగు, కాలు కొద్దిగా ఈడుస్తూ. గేటు దాటి లోపలికి వచ్చింది. నెస్తా తొట్టి అంచు మీద చెయ్యి వేసి నిలబడింది. తను ముందు ఎత్తుకోకూడదు. కింది గొంతు ఏనాడూ ముందు ఎత్తుకోదు. ఆగింది.

గోడలో ఏదో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. ఇంకేం లేదు. పావుగంట, ఇరవై నిమిషాలు. కాళ్లు లాగుతున్నాయి. చివరికి కిటికీలోంచే కనిపించింది నల్ల టోపీ, గేటు దాటి వెళ్లిపోతూ. గొడుగు విప్పనైనా లేదు, వానలోనే నడుస్తోంది.

నెస్తా కిందికి దిగింది. ఎవరో పళ్లరొట్టె ముక్కకి వెన్న రాసి చేతిలో పెట్టారు. తింది. బాగుందంది. ఇంటికొచ్చి కోటైనా విప్పకుండా వంటింట్లో కూర్చుంది. అమ్మ విషయంలో అక్క ఎలాగూ క్షమించలేదు. ఇప్పుడు పాట కూడా వెనక్కి తీసేసుకుంది. ఇంకేం మిగిలింది?

పది రోజుల తర్వాత ఇడ్వల్ తలుపు బందు బిగించడానికి వచ్చాడు. వచ్చినప్పటినుంచీ ముభావంగా ఉన్నాడు. ఆఖరికి స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు.

"నెస్తా, నీకు మరీ ఇంత గర్వమేంటే?"

"నాకా?"

"ఆ రోజు మీ అక్క ఫ్రిజ్ దగ్గర కప్పు పట్టుకుని నిలబడి పాట ఎత్తుకుంది. గెథిన్ నది పాట. గదిలో అందరూ నోళ్లు మూసేశారు. ఒక్క చరణం పాడి ఆగింది, పైకి చూసింది. మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది, ఈసారి కాస్త దించి. నీ గొంతు కోసమేనే దించింది! మళ్లీ పైకి చూసింది. కప్పు పెట్టేసి వెళ్లిపోయింది. నువ్వు పైనే ఉన్నావు. ఒక్కసారి అందుకుంటే నీ సొమ్మేం పోయేది?"

నెస్తా అతనికేసి తిరిగింది. "నాకు వినపడలేదు, ఇడ్వల్" అంది.

ఇడ్వల్ ముఖం పాలిపోయింది. రెండు చేతులూ ఎత్తి ఎంత మందమో చూపించాడు. "ఇంత ఉన్ని కూరానే ఆ పై అంతస్తు నేలలో. పైన పిల్లలు పడుకుంటే కింది గోల వినపడకూడదని క్లేర్ అడిగింది. నేనే... ఈ చేతుల్తోనే కూరాను. సందు లేకుండా."

నెస్తా ఏప్రన్ మీదే బయటికి నడిచింది. ఏడు గుమ్మాలు. ఇరవయ్యారేళ్లలో మొదటిసారి ఆ తలుపు కొట్టింది. హైల్వెన్ తీసింది. దగ్గరగా చూస్తే ఎంత ముసలిదైపోయిందో అనుకుంది నెస్తా.

"ఏంటి?"

"ఆ శనివారం నేను పైనే ఉన్నానక్కా. నువ్వు ఎత్తుకుంటావని చూస్తూనే ఉన్నా. ఎత్తుకున్నావట. నాకు వినపడలేదు."

హైల్వెన్ తలుపు పట్టుకునే నిలబడింది. "అమ్మ రోజున కూడా ఇదే మాట చెప్పావు."

"ఇది నిజమక్కా. ఇడ్వల్‌ని అడుగు, నేలలో ఉన్ని కూరాడు, ఒట్టు, ఇది నిజం."

హైల్వెన్ ఆమె ముఖంలోకి చూసింది.

"ఇది నిజమా," అంది నెమ్మదిగా. "మరి అది?"

నెస్తా నోరు తెరిచింది. ఆ రోజు ఇడ్వల్ నోట 'అమ్మ' అన్న మాట వినపడిందని, అమ్మకేదో అయిందన్నంత వరకూ తెలిసిందని, అమ్మ ఎప్పుడూ ఊరికే పిలిపిస్తుంది, రెండు చరణాలేగా అనుకుందని, ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడూ చెప్పలేకపోయింది. అక్క ఎదురుచూసింది. ఆ శనివారం పైకప్పు కేసి చూసి ఎదురుచూసినట్టే చూసింది. అరవలేదు, తిట్టలేదు. తలుపు చప్పుడు కాకుండా మూసుకుంది.

ఆ తర్వాత చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. కొండవతల ఊళ్లో ఇంకా తెరిచి ఉన్న చాపెల్‌కి నెస్తా ఒక ఆదివారం బస్సులో వెళ్లింది. ఎక్కడ కూర్చోవాలో తెలియక, ఏ బల్ల ఎవరిదో అడగలేక, తలుపు దగ్గరే నిలబడి తిరిగొచ్చేసింది. హైల్వెన్ ఎక్కడికీ వెళ్లదు. ఆదివారం పదింటికి ఆమె కిటికీ తెరలు మూసే ఉంటాయి.

మొన్న ఇడ్వల్ పొగగొట్టం చూడ్డానికి వెళితే, నెస్తా గిన్నెల దగ్గర నిలబడి గొణుక్కుంటోంది. కాసేపు విన్నాడు.

"ఏం పాటే అది? ఎంతకీ ఎక్కదు, దిగదు, రెండు మూడు స్వరాల దగ్గరే తిరుగుతోంది."

"పాట కాదులే. పాట కింద ఉండేది," అంది నెస్తా. చేతిలో గిన్నె మళ్లీ కడగడం మొదలుపెట్టింది. అది ఎప్పుడో శుభ్రమైంది.