డోలక్‌కు ఆ పక్కా ఈ పక్కా

నాకు రికార్డింగు పిచ్చి అంటించింది పుంగనూరులో పాత్రల అంగడి పెట్టుకున్న ఒకాయన. ఆ మాట ఆయన ముందు అంటే ఒప్పుకునేవాడు కాదు. "ఆ తిక్క నీకు పుట్టినప్పటినించే ఉండాది. నా మింద యాల పెడతాండావు?" అనేవాడు.

నేను అప్పుడు పుంగనూరు హైస్కూల్లో సైన్సు మాస్టర్ని. కాపురం మదనపల్లెలో. రోజూ బస్సులో పోయి రావడమే. బడి వదిలాక, బస్సుకింకా టైముంటే ఆయన అంగడి ముందు నిలబడేవాణ్ణి. బేరం లేని వేళల్లో ఆయన బిందెలు బోర్లించుకుని వేళ్లతో వాయిస్తూ ఉండేవాడు. ఇత్తడిది ఒక రకంగా పలికేది, స్టీలుది ఇంకో రకంగా. కొనడానికి వచ్చినవాళ్లు కూడా సంచీ పట్టుకుని వింటూ నిలబడిపోయేవాళ్లు. శనివారం సాయంత్రాలు ఆయన ఇంటి వరండాలో భజన. పాడేవాళ్లు ఐదారుగురు, హార్మోనియం నాది, డోలక్ ఆయనది. నాకంటే పదేళ్లు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన భార్యను వదినా అనేవాణ్ణి. ఆయనకు మాత్రం, బడి పంతుల్ని కాబట్టి, నేను ఎప్పుడూ 'అయ్యోరే'.

తొంభైల మొదట్లో ఒక టేప్ రికార్డర్ కొన్నాను, భజన రికార్డు చేద్దామని. మొదటిసారి మైకు మధ్యలో పెట్టాను. ఇంటికొచ్చి విన్నాను కదా, పాట లేదు, హార్మోనియం లేదు, అంతా డోలకే. తర్వాతి శనివారం ఆయన్ని రెండు గజాలు వెనక్కి జరిపాను. చాలలేదు. ఆ పైవారం వాకిలి దగ్గర కూర్చోబెట్టాను. చివరికి మెట్లు దిగి వీధి అరుగు మీద కూర్చుంటే గానీ పాట వినబడలేదు.

"ఏమప్పా అయ్యోరా, నన్ను యీదిలో కూసోబెట్టి లోపల భజన చేసుకుంటాండారా? పోయేటోళ్లు సిల్లర ఏసి పోతారేమో!" అని అరుగు మీదినుంచి అరిచాడు. ఆ అరుపు టేపులో పడింది. పాట కంటే అదే బాగా పడింది.

ఆ కాలంలో నా పెద్ద కోరిక ఒకటుండేది. నేనే పాడాలి, నేనే హార్మోనియం వాయించాలి, కానీ విడివిడిగా, ఒకదాని తర్వాత ఒకటి, రెండూ బాగా కుదిరేట్టు. ఒక టేపు మీద పాడి, దాన్ని వినిపిస్తూ పక్కన హార్మోనియం వాయించి, ఆ రెంటినీ కలిపి ఇంకో రికార్డర్లో ఎక్కించేవాణ్ణి. ప్రతిసారీ టేపులో చిటపట చప్పుడు పెరిగేది. మూడోసారి ఎక్కించేసరికి ఎవరో పెనంలో వేరుశనగలు వేయిస్తూ పాడుతున్నట్టుండేది. అయినా ఆ టేపులు పట్టుకుపోయి అంగడిలో వినిపించేవాణ్ణి. అన్న కళ్లు మూసుకుని ఓపిగ్గా వినేవాడు. "పాట బాగుండాది. ఆ శనక్కాయలు మాడిపోకుండా సూసుకో," అనేవాడు.

రెండువేల ఒకటో, రెండో సంవత్సరంలో ఇంటికి కంప్యూటర్ వచ్చింది. బడిలో మార్కుల పట్టీలు చేయడానికని ఇంట్లో చెప్పాను. కంప్యూటర్ నేర్పే ఒక కుర్రమాస్టరు నాకు ఒక సీడీలో రికార్డింగు ప్రోగ్రాం ఎక్కించి ఇచ్చాడు. అందులో ఒక గీత మీద గొంతు, దాని కింద ఇంకో గీత మీద హార్మోనియం, ఇంకా కింద తాళం, ఎన్నయినా పెట్టుకోవచ్చు. ఒకదాన్ని చెరిపినా ఇంకొకటి చెడదు. ఎన్నిసార్లు కలిపినా శనక్కాయల చప్పుడు రాదు. మొదటి ఆదివారం మధ్యాహ్నం నేనే నాలుగు గొంతులతో ఒక భజన పాడి, అన్నీ కలిపి మా ఆవిడకు వినిపించాను. ఆమె చేతిలో గరిటెతో వచ్చి నిలబడింది.

"ఇందులో పాడతాండేది ఎవురు?"

"నేనే. నలుగురూ నేనే."

"ఒక్కరితోనే ఏగలేక సస్తాండా. ఇంక నలుగురా!" అని లోపలికి పోయింది. పోయిందిగానీ, వంటింట్లోంచి ఆ పాటే కూనిరాగం తీస్తుంటే విన్నాను.

మా వీధి నిండా పట్టు మగ్గాలు. పగలంతా టకటక. మగ్గం వాళ్లు అన్నాలకు లేచే గంట, గంటన్నర మాత్రమే నాకు నిశ్శబ్దం దొరికేది. ఆ వేళకు కరెంటు ఉండాలి, మా కుక్కర్ కూత వేయకుండా ఉండాలి, టమాటా లారీలు ఆ సందులో దూరకూడదు. బీరువా తలుపులు రెండూ తెరిచి, చీరల ముందు నిలబడి పాడేవాణ్ణి. బట్టలు ప్రతిధ్వనిని మింగేస్తాయని ఎక్కడో చదివాను. నిజమే, గొంతు చాలా దగ్గరగా, మెత్తగా వచ్చేది. కరెంటు పోయి సగం పాట ఎగిరిపోయిన రోజులు లెక్కలేదు. కానీ ఆ గంటన్నర కోసం వారమంతా ఎదురుచూసేవాణ్ణి.

అన్నను ఒకసారి మదనపల్లె పిలిపించి ఆయన డోలక్ సరిగ్గా రికార్డు చేయాలనుకున్నాను. ఈసారి వీధిలో కూర్చోబెట్టనని మాట కూడా ఇచ్చాను. ఇదిగో అదిగో అంటూ ఏడాది గడిచింది. ఆలోగా ఒక పొద్దున ఆయన అంగడి తలుపులు తీస్తూ కూలబడిపోయాడు. పక్షవాతం.

ఆసుపత్రి నుంచి నేరుగా కుప్పంలో కూతురింటికి తీసుకెళ్లారు. అంగడి మూసేశారు. నేను పోయి చూసేసరికి రెండు నెలలైంది. కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. మాట కొంచెం ముద్దగా వస్తోందిగానీ అర్థమవుతోంది. కుడి చేయి మాత్రం ఒళ్లో పెట్టుకున్న వస్తువులా ఉంది. డోలక్ గోడకు వేలాడుతోంది, గుడ్డ కప్పి.

కాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక, నాకు తోచింది చెప్పేశాను. "అన్నా, కంప్యూటర్లో విడివిడిగా రికార్డు చేయచ్చు. నువ్వు ఎడమ చేత్తో ఎడమ పక్క వాయించు. తర్వాత డోలక్ తిప్పి, అదే చేత్తో కుడి పక్క వాయించు. రెండూ నేను కలుపుతా."

ఆయన, "నన్ను సూసి ఎగతాళిగా ఉండాదా నీకు?" అన్నాడు.

"లేదన్నా, నేను..." అంటూ గోడ మీది డోలక్ వైపు చూశాను.

"ఆ పక్కకి సూడగాకు. ఆ ముచ్చట ఎత్తగాకు."

వదిన నన్ను వాకిలి దాకా సాగనంపింది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని నన్ను నేను తిట్టుకున్నాను. మనిషి చేయి పోయి కూర్చుంటే నేను నా బొమ్మల పెట్టె గురించి మాట్లాడివచ్చాను.

మూడు వారాల తర్వాత ఫోను వచ్చింది. వదిన.

"అయ్యోరా, ఆయప్ప నిన్ను అడగతాండాడు."

"ఏమని వదినా?"

"ఆ మిసను ఎట్ల పని సేస్తాదీ అని. నిన్నంతా తొడ మింద ఎడం సేత్తో కొట్టుకుంటాండాడు. నేను సూస్తే ఆపేస్తాడు." ఆమె గొంతు తగ్గించింది. "నేను సెప్పినానని సెప్పగాకు. నీకై నువ్వు వచ్చినట్టు రా."

దసరా సెలవుల్లో పోయాను. కంప్యూటర్ పెట్టెను దుప్పట్లో చుట్టి, మదనపల్లె నుంచి కుప్పం దాకా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పలమనేరు దగ్గర ఎక్కిన ఒక ముసలామె, "బిడ్డ నిద్రపోతాండాడా నాయనా?" అని అడిగి, దుప్పటి కొస ఎత్తి చూసి దూరం జరిగింది. తెర మాత్రం అన్న అల్లుడు తను పనిచేసే గ్రానైటు ఆఫీసు నుంచి రెండు రోజులకని అడిగి తెచ్చాడు.

అన్న ఏమీ తెలియనట్టు, "ఏంది, కంప్యూటరు షికారు తీసకపోతాండావా?" అన్నాడు. కానీ నేను తీగలు కలుపుతున్నంతసేపూ పక్కనే కూర్చుని ప్రతిదీ అడిగాడు. ఇల్లు రైలు పట్టాల పక్కనే. బెంగళూరు బండ్లు పోయే వేళలు ఆయన కూతురు ఒక కాగితం మీద రాసిచ్చింది. వాటి మధ్య ఖాళీల్లో మా పని.

ఎడమ పక్క సులువుగానే వచ్చింది. పెదాలు కదుపుతూ, లేని కుడి చేతి దెబ్బలను లోపల అనుకుంటూ, ఆ గుమ్ గుమ్‌ను మాత్రం చేత్తో పలికించాడు. విని నాకు ఒళ్లు పులకరించింది. ఏమీ తగ్గలేదు. అదే మనిషి.

కుడి పక్కకొచ్చేసరికి కష్టం మొదలైంది. హెడ్‌ఫోన్లో తన ఎడమ చేయి వినిపిస్తుంటే, దాని మీద అదే ఎడమ చేయి కుడి చేతి పని చేయాలి. ఆ చేతికి ఆ పని తెలియదు. నాలుగు దెబ్బలు బాగా పడేవి, ఐదోది తప్పిపోయేది. మళ్లీ. మళ్లీ. పదోసారో పన్నెండోసారో హెడ్‌ఫోన్ పీకి చాప మీదికి విసిరేశాడు. "ఇది నా సెయ్యి కాదు. తీసెయ్యప్పా, తీసెయ్."

అప్పుడు వంటింటి గడపలో చిక్కుడుకాయలు తుంచుతున్న వదిన, తల ఎత్తకుండానే అంది, "ఆడ తాకిట కాదు నువ్వు వాయించేది. తకతాకిట. పాట రెండోసారి ఎత్తుకునేతప్పుడు నువ్వు ఎప్పుడూ ఒకటి ఎక్కువేస్తావు."

ఆయన మెల్లగా ఆమె వైపు తిరిగాడు. "ఏమంటివి?"

ఆమె కాయలు పక్కన పెట్టి, కత్తిపీట చెక్క మీద వేళ్లతో వాయించి చూపించింది. అచ్చం ఆయన కుడి చేయే. పద్ధతిగా, ఒక్కటి కూడా తప్పకుండా.

"నీకు ఇది యాడ వచ్చె?"

"ముప్పై ఏండ్లు సెవుల్లో వాయిస్తివి. రాకుండా యాడికి పోతాది?"

ఆయన నవ్వాడు. జబ్బు చేశాక ఆయన నవ్వడం నేను అప్పుడే చూశాను. ఒక పక్కే నవ్వినా నిండుగా నవ్వాడు. "రా. ఈడ కూసో."

"సాల్లే. అయ్యోరు ఎదురుగా ఏంది ఇది. ఆడదాన్ని, డోలక్ ముట్టేదా?"

"అయ్యోరు కండ్లు మూసుకుంటాడు. రా."

కూతురు వెనకనుంచి తోసినంత పని చేసింది. వదిన కొంగుకు చేతులు తుడుచుకుని వచ్చి, డోలక్‌కు ఆ పక్క కూర్చుంది. ఈ పక్క ఆయన. మొదట చాలా భయంగా, పాపను తట్టినట్టు తట్టింది. "కొట్టవే, అదేమన్నా ఏడుస్తాదా!" అన్నాడు ఆయన. ఆమె కొట్టింది. నేను గబగబా రికార్డింగు మీట నొక్కి, హార్మోనియం లేకపోయినా పాత భజన అలవాటు కొద్దీ నోటితోనే పాట అందుకున్నాను.

ఒక బండి వచ్చి వెళ్లిపోయేదాకా వాయించారు. రైలు కూత పాట మధ్యలో పడింది. మధ్యలో ఇద్దరూ పోట్లాడుకున్నారు. "పరిగెత్తగాకు" అని ఆయన, "నువ్వే పరిగెత్తతాండావు" అని ఆమె. అన్నీ పడ్డాయి.

ఆయన పట్టుదల అంతటితో పోలేదు. తన ఒక్క చేత్తోనే రెండు పక్కలా వాయించే రికార్డింగు కూడా పూర్తి చేయాలన్నాడు. సంక్రాంతికి ముందు ఒకసారి, ఎండాకాలం సెలవుల్లో ఒకసారి అదే పెట్టెను మళ్లీ ఒళ్లో పెట్టుకుని పోయాను. ఈలోగా ఆ ఎడమ చేయి రోజూ సాధన చేసింది. మాస్టరు వదినే. నేను ఇంటికొచ్చి, ఆదివారం మధ్యాహ్నాలు కూర్చుని, తప్పిన దెబ్బలను ఒక్కొక్కటిగా జరిపి, రెండు గీతలనూ కలిపాను. రెండు సీడీలు తీసుకుపోయి, ముందు ఇది వినిపిస్తే ఆయన కళ్లు మూసుకున్నాడు. అయిపోయాక కూడా వెంటనే తెరవలేదు.

"ఈ మనిసి బాగా వాయిస్తాండాడు," అన్నాడు చివరికి. "మంచోడే. ఇప్పుడు ఇంకోటి పెట్టు. మేం కొట్లాడుకునేది."

దాన్ని మూడుసార్లు విన్నాడు. "పరిగెత్తగాకు" దగ్గర ప్రతిసారీ వదిన మోచేత్తో ఆయన్ని పొడిచింది.

నిజం చెప్పాలంటే నాకు కాస్త చిన్నతనంగా అనిపించింది. ఏడాది నేను పడ్డ తంటా అంతా మొదటి సీడీలో ఉంది. ఆయనకు నచ్చింది మాత్రం నేను ఏమీ చేయనిది. బస్సులో ఆ సంగతే తలుచుకుంటూ వచ్చాను. వి.కోట దాటేసరికి ఆ చిన్నతనం పోయింది. మైకు, తీగ, ఆ పెట్టె అక్కడికి పోకపోతే, గోడ మీది గుడ్డ ఎవరూ తీసేవాళ్లు కాదు. నాకు అది చాలు అనిపించింది.

ఆ ఏడాది నుంచి కుప్పంలో కూతురింటి పక్క సందులోని భజనలో శనివారాలు ఆ ఇద్దరూ వాయించడం మొదలుపెట్టారు. అక్కడ తెలుగు భజన తర్వాత ఒక తమిళ పాట, ఆ తర్వాత ఒక కన్నడ పాట వస్తుంది. వదినకు తమిళ పాటలు కొత్త. అన్న నోటితో చెబుతుంటే ఆమె పట్టుకునేది. మొదట్లో, ఇదేం విడ్డూరం, ఒక డోలక్‌కు ఇద్దరా అని నవ్వినవాళ్లున్నారట. నాలుగు వారాలకు అలవాటుపడ్డారు. ఎప్పుడైనా వదినకు ఒంట్లో బాగాలేక రాకపోతే, "ఆ పక్క యాడ?" అని అడిగేవాళ్లట.

సెలవుల్లో నేను పోయినప్పుడల్లా ఆయన నా చేతి సంచి వైపు చూసేవాడు. "మిసను తెచ్చినావా?" తెచ్చానంటే, చాప పరవమని కేకేసేవాడు. వదిన చేతిలో పని వదిలేసి, కొంగు నడుముకు దోపుకుంటూ వచ్చి ఆ పక్క కూర్చునేది. "అయ్యోరా, ఈతూరి నాకు కూడా ఆ సెవులకి పెట్టుకునేది ఇంకోటి తీసకరా. ఈయప్పకి మాత్రం ఇస్తే నాకు ఇనపడేది ఎట్ల?" అంది ఒకసారి.

ఆ తర్వాతి సెలవుల్లో రెండు తీసుకుపోయాను.